పెద్ద గది సరే, సామాను ఎక్కడ పెడతారు?

ఇల్లు అమ్మకానికి పెట్టేముందు గదులు పెద్దవి చేయించాలి, అలమరలూ సామాన్ల గదులూ తీసేయించాలి అని ఈమధ్య మా సాలూరులో ఎవరిని కదిపినా చెబుతున్నారు. బ్రోకరు చెబుతాడు, రంగులు వేసేవాడు చెబుతాడు, విశాఖపట్నంలో ఫ్లాటు కొనుక్కున్న చుట్టాలు ఫోనులో చెబుతారు. "గది విశాలంగా కనపడితే రేటు దానంతట అదే వస్తుంది" అన్నది వీళ్ళందరి మంత్రం. ఇది ఇల్లు చూసేవాళ్ళ మాట తప్ప, ఇల్లు నడిపేవాళ్ళ మాట కాదు. ఇల్లు కొనేది చూడ్డానికి కాదు కదా.

మా ఇంటి సంగతే చెబుతాను, గొడవ మొదలైంది అక్కడే కాబట్టి. మామగారు కట్టించిన స్లాబు ఇల్లు, 160 గజాల స్థలం. ముందు వరండా, హాలు, రెండు పడకగదులు, వంటిల్లు. వంటింటికీ వెనక పడకగదికీ మధ్య అయిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు సామాన్ల గది. మా అత్తగారు దాన్ని "కొట్టు" అంటారు. మామగారు పోయాక ముగ్గురు అన్నదమ్ములకీ వాటాలు రావాలి కనక ఇల్లు అమ్మాలనుకున్నారు. అందులో నాకు పేచీ లేదు. మరిదిగారి పాపకు ఇంజనీరింగు ఫీజులు కట్టాలి, అత్తగారి మోకాళ్ళ ఆపరేషను ఉంది, మేము ఇంకో చిన్న ఇల్లు చూసుకోవాలి. డబ్బు అందరికీ కావాలి, త్వరగా కావాలి.

పేచీ అమ్మేముందు చేయిద్దామనుకున్న మార్పుల దగ్గర. బ్రోకరు సలహా మీద బావగారు ఫోనులోనే తేల్చేశారు. కొట్టుకీ వెనక పడకగదికీ మధ్య గోడ పడగొట్టి రెండూ కలిపి "మాస్టర్ బెడ్‌రూమ్" చేయాలట. ముందు పడకగదిలో గోడ అలమర తీసేసి, ఆ అడుగున్నర కూడా గదిలో కలిపేయాలట. ఖర్చు ముగ్గురూ పంచుకుంటారట. ఈ ఇంట్లో 22 ఏళ్ళుగా ఏ డబ్బాలో ఏముందో చీకట్లో కూడా చెప్పగలిగినదాన్ని నేను. నన్నెవరూ అడగలేదు. పోనీ నాకంటే ముందు నలభై ఏళ్ళు నడిపిన అత్తగారిని అడిగారా అంటే అదీ లేదు. ఆవిడే పక్కగదిలోంచి విని, "కొట్టు పడగొట్టేస్తే బియ్యం నెత్తిమీద పెట్టుకుంటారేటి?" అన్నారు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. కానీ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మాటకి అంకెలు తోడైతే గానీ విలువ రాదు. అందుకని టేపు పట్టుకుని కొలిచాను.

కొట్లో పొడుగు గోడకి పదడుగుల పొడవున అయిదు వరసల కడప బండ అరలున్నాయి. అడ్డగోడకి అయిదడుగుల పొడవున మరో అయిదు వరసలు. మొత్తం 75 అడుగుల అర. మామూలు ఇనప బీరువా మూడడుగుల వెడల్పు ఉంటుంది, లోపల అయిదు అరలనుకుందాం, అంటే 15 అడుగుల అర. కొట్లో సామానంతా బీరువాల్లోకి ఎక్కించాలంటే అయిదు బీరువాలు కావాలి. వరసగా నిలబెడితే 15 అడుగుల గోడ తింటాయి. బీరువా లోతు అడుగున్నర. తలుపు బార్లా తెరిచి, మనిషి నిలబడి, కింది అరలోంచి వంగి ఏదైనా తీయాలంటే ముందు ఇంకో రెండున్నర అడుగులు ఖాళీ ఉండాలి. కలిపి నాలుగడుగులు. పదిహేను నాలుగులు అరవై. గోడ పడగొడితే మనకు కలిసొచ్చే నేల ఎంత? అయిదు పదులు యాభై. యాభై చదరపు అడుగులు సంపాదించడానికి అరవై పోగొట్టుకుంటాం, పైగా పడగొట్టినందుకు కూలీ, అయిదు బీరువాల ఖరీదు అదనం.

"బీరువా ముందు నడిచే జాగా కూడా గదిలోదే కదా, దాన్నెందుకు పూర్తిగా లెక్కేస్తావు?" అన్నారు మా ఆయన. ఆయన లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూస్తారు, నా అంకెల్లో ఎక్కడ కన్నం ఉందో వెతకడం అలవాటు. సరే, ముందు జాగాలో సగమే వేసుకుందాం. అప్పుడూ నలభై అడుగుల పైమాటే. మిగిలేది పది అడుగులు కూడా లేదు. ఇంకా నేను కొట్టు మీది అటకని లెక్కలోకే తేలేదు. ఏడడుగుల ఎత్తున గది మేరా ఉన్న అటక అది. నేల అంగుళం కూడా తినకుండా యాభై చదరపు అడుగుల చోటు ఇస్తోంది. పెళ్ళిళ్ళప్పుడు తప్ప దిగని గుండిగలు, చలికాలం రగ్గులు, పిల్లల పాత పుస్తకాలు, అన్నీ అక్కడే. గోడ పోతే అటకా పోతుంది. పడకగదిలో మంచం నెత్తిన అటక వేలాడుతుంటే మాస్టర్ బెడ్‌రూమ్ అనిపించుకోదట.

ఖాళీ గదిని కొలిస్తే వచ్చే అంకె వేరు, కాపురం ఉన్న గదిని కొలిస్తే వచ్చే అంకె వేరు. బ్రోకర్లు చెప్పేది మొదటిది. కొనుక్కున్న ఆడది బతికేది రెండోదానిలో. "15 బై 10" అని కాగితం మీద రాసుకుని సంబరపడి కొన్నవాళ్ళు, ఆరు నెలల్లో ఆ గోడవారన బీరువాలు, వాటి మీద సూట్‌కేసులు, మంచం కింద అట్టపెట్టెలు, తలుపు వెనక బియ్యం బస్తా పెట్టుకుని, చివరికి మా పాత పదడుగుల గది కంటే ఇరుకులో పడుకుంటారు.

ముందు గదిలో అలమర సంగతి మరీ వింత. ఆ గది 11 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. అలమర తీసేస్తే పొడవు పదమూడున్నర అవుతుంది. అయితే ఏమిటి? ఆ అడుగున్నరలో మంచం పట్టదు, పిల్లాడు చదువుకునే బల్లా పట్టదు. బీరువా పడుతుంది. అంటే అలమర తీసి అలమర పెట్టుకోవడమే! నా ఉద్దేశంలో గది అడుగుల్లో పెరగదు, వస్తువుల్లో పెరుగుతుంది. ఇంకో వస్తువు పట్టేదాకా ఎన్ని అంగుళాలు కలిపినా అది కాగితం మీద పెరుగుదలే.

దీని అర్థం గది ఎంత చిన్నదైనా పరవాలేదని కాదు. తొమ్మిదడుగుల గది తీసుకోండి. ఆరున్నర అడుగుల పొడవు మంచం వేస్తే మిగిలేది రెండున్నర. అక్కడ అడుగున్నర కలిస్తే నాలుగవుతుంది, మనిషి ఒత్తుకోకుండా తిరుగుతాడు, బీరువా తలుపు మంచానికి కొట్టుకోకుండా తెరుచుకుంటుంది. అలాంటి గదిలో అలమర తీసి నేలలో కలిపితే నేనే శభాష్ అంటాను. పదడుగుల లోపు ఉంటే గదికి ఇవ్వండి, పది దాటాక సామానుకి ఇవ్వండి. నేను పెట్టుకున్న గీత అది. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో కూడా నివాస గదికి కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు ఉండాలన్నారు. రెండు గదులుంటే ఒకటి అంత ఉండి, రెండోది 7.5 చదరపు మీటర్లు, అంటే 81 చదరపు అడుగులు ఉన్నా చాలు. మా ముందు గది 132, వెనక గది 100. నియమం ప్రకారం చూసినా మా ఇంట్లో ఆకలి గదులకు లేదు.

ఇక రేటు. పెద్ద గదికి పెద్ద రేటు అంటారు కదా, ఆ రేటు ఎలా కడతారో చూద్దాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థలానికి గజాల లెక్క, కట్టడానికి చదరపు అడుగుల లెక్క. మధ్యగోడ ఉన్నా లేకపోయినా కట్టడం వైశాల్యం అంతే. 2016లో వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియాని ఎలా నిర్వచించిందో చదివాను. బయటిగోడలు, బాల్కనీలు, డాబా కలపరు గానీ, లోపలి అడ్డగోడలు కలుపుతారు. అంటే మా కొట్టు గోడ మందం కూడా ఇంటి లోపలి నేల కిందే లెక్క. పాత ఇంటి అమ్మకానికి రెరాతో పని లేదు, ఆ సంగతి తెలుసు. కానీ ప్రభుత్వం లెక్కలోనూ గోడ పడగొట్టి ఒక్క అడుగు సంపాదించలేమని చెప్పడానికి ఇది చాలు. పైగా మా లాంటి ఊళ్ళో పాత ఇంటి బేరంలో ముప్పాతిక మాట స్థలం గురించే నడుస్తుంది, రోడ్డు ఎంత, తూర్పా పడమరా, గజం ఎంత పలుకుతోంది అని. కట్టడం దగ్గరికి వచ్చేసరికి రేటు పెంచే మార్పులు తక్కువ. "ఇది వద్దులే, ఇంకోటి చూద్దాం" అని వాళ్ళు లేచిపోకుండా ఆపే సంగతులే ఎక్కువ.

ఆ సంగతులు ఎవరు చూస్తారు? నేను గమనించినంతవరకు మొదటిసారి మగవాళ్ళు వస్తారు. గోడలు తడతారు, స్లాబు పెచ్చులు చూస్తారు, బోరు ఎంత లోతని అడుగుతారు, గదుల కొలతలు రాసుకుంటారు. వాళ్ళకి నచ్చితే రెండోసారి ఇంటావిడ, వీలైతే వాళ్ళమ్మ వస్తారు. వాళ్ళు హాల్లో కూర్చోరు. తిన్నగా వంటింట్లోకి వస్తారు, వెనక్కి వెళ్తారు, మూసి ఉన్న ప్రతి తలుపూ తీస్తారు. మా వీధిలో ఒక ఇల్లు చూసిపోయిన ఆవిడ బయటికి రాగానే నాతో అన్నమాట: "ఇల్లు బాగుంది గానీ అక్కా, పచ్చడి జాడీ ఎక్కడ పెట్టుకోవాలో కనబడలేదు." ఆ బేరం కుదరలేదు. కుదరకపోవడానికి వేరే కారణాలూ ఉండొచ్చు, కానీ బ్రోకరు మాత్రం ఆ ఇంటాయనతో, రంగు బాగోలేదేమో, ఇంకోసారి వేయించండి అన్నాడట.

సాలూరులో ఇల్లు కొనేది ఎవరో ఆలోచించండి. మాది లారీల ఊరు. రాయపూర్ వెళ్ళే ఘాట్ రోడ్డు ఇక్కడే ఎక్కుతుంది. ఇంటికో లారీ కాకపోయినా, వీధికి నాలుగిళ్ళవాళ్ళు ఓనరుగానో డ్రైవరుగానో బాడీ కట్టే పనివాళ్ళుగానో లారీ మీదే బతుకుతున్నారు. లారీ ఉన్న ఇంట్లో ఏముంటాయో పట్నం ఇంటీరియర్ పుస్తకాలకి తెలియదు. టార్పాలిన్ పట్టాలు ఉంటాయి, మోకులు ఉంటాయి, జాకీ, ట్యూబులు, గ్రీజు డబ్బా. అవి మాస్టర్ బెడ్‌రూమ్‌లో పెట్టుకుంటారా? వరండాలో పెడితే పొద్దున్నకి ఉంటాయా?

తర్వాత ఉద్యోగస్తులు. కొండమీది బడుల్లో పాఠాలు చెప్పే మాస్టార్లు, పార్వతీపురం ఐటీడీఏ కింద పనిచేసేవాళ్ళు. షెడ్యూల్డ్ గ్రామాల్లో గిరిజనేతరులు స్థలం కొనకూడదని 1970 నాటి 1/70 చట్టం ఉంది కాబట్టి వాళ్ళు కింద పట్నంలోనే ఇల్లు చూసుకుంటారు. పిల్లల చదువుల కోసం కొండ దిగి వచ్చే గిరిజన ఉద్యోగులూ ఉన్నారు. వీళ్ళందరికీ సంతలకి పోయే అలవాటు. చింతపండు, పసుపు, చోళ్ళు, కందులు, పండిన రుతువులో కొని ఏడాదికి దాచుకుంటారు. చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, కుండకెత్తి చీకట్లో పెట్టాలి. వెలుతురూ గాలీ తగిలితే నల్లబడుతుంది. ఏడాది సరుకు ఒకేసారి కొనుక్కోవడం పాతకాలపు చాదస్తం అని మా మరిది నవ్వుతాడు. అతనికి హైదరాబాదులో పది నిమిషాల్లో సరుకు గుమ్మంలోకి వస్తుంది. మాకు 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక, కొట్లు తెరవక ఉన్న రోజుల్లో ఇల్లు గడిచింది కొట్లో ఉన్న బియ్యంతోనే. అప్పుడు సెలవులకని వచ్చి చిక్కుకుపోయి, అదే బియ్యం తిన్నవాడే ఈ మరిది.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన భాషలో మనుషులుండే చోటుకి ఎన్ని పేర్లున్నాయో, సామానుండే చోటుకి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. గూడు, అర, అటక, ఉట్టి, దండెం, చిలక్కొయ్య, గాదె, పాతర, భోషాణం, కావిడిపెట్టె, సందుగ, కొట్టు. చూరు కూడా ఒక చోటే, కొడవలి అక్కడే దోపేవారు. ఇవి చాలవని పోర్చుగీసువాళ్ళ మాట తెచ్చుకుని అలమర చేసుకున్నాం, బ్యూరోని బీరువా చేసుకున్నాం. ఇన్ని పేర్లు ఊరికే పుట్టలేదు. పాత పెంకుటిళ్ళలో గోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉండేవి. ఆ మందంలోనే గూళ్ళు, తలుపుల అలమరలు తొలిచేవారు. గది కొలతలోంచి ఒక్క అంగుళం పోకుండా గోడే సామాను దాచేది. స్లాబు ఇళ్ళు వచ్చాక గోడలు తొమ్మిదంగుళాలకి, లోపలివి నాలుగున్నర అంగుళాలకి దిగిపోయాయి. గోడ సన్నబడింది, సామాను తగ్గలేదు. అప్పటినుంచే గదికీ అలమరకీ తగవు మొదలైంది. అప్పటి మేస్త్రులు తెలివైనవాళ్ళు, కడప బండలు అడ్డంగా దించి అలమరలు కట్టి ఆ తగవు తీర్చారు. చెద పట్టని అర అది. ఇప్పుడు "ఓల్డ్ ఫ్యాషన్" అని దాన్ని సమ్మెటతో పగలగొడుతున్నారు.

కొండమీది పాత ఇళ్ళు చూసినవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. ఉండేది ఒకటే గది. పొయ్యి పైన అటకో, కర్రల దండెమో ఉంటుంది. విత్తనపు మొక్కజొన్న పొత్తులు అక్కడ వేలాడతాయి, పొగ తగిలి పురుగు పట్టదు. అంత చిన్న ఇంట్లోనూ రేపటి పంటకి చోటు ముందు తీసి, తర్వాత మనుషులు సర్దుకున్నారు.

ఇంత చెప్పానని నన్ను కబోర్డుల పక్షం అనుకోకండి. అటువైపు వాళ్ళతోనూ నాకు తగవుంది. ఇల్లు అమ్మేముందు గోడ నిండా, నేల నుంచి స్లాబు దాకా మాడ్యులర్ వార్డ్‌రోబులు చేయించండి, అలా "రెడీ"గా ఉన్న ఇల్లు ఎగిరిపోతుంది అంటారు. లక్షలు పోసి మన అభిరుచికి చేయించిన నిగనిగల ఎర్ర లామినేటు, కొనేవాళ్ళకి నచ్చాలని ఎక్కడుంది? వాళ్ళు దాన్ని పీకేయించే ఖర్చు కూడా మన రేటులోంచే తగ్గిస్తారు. రెండడుగుల లోతు వార్డ్‌రోబు పది అడుగుల గోడకి పెడితే 20 చదరపు అడుగులు పోతాయి, పది బై పన్నెండు గదిలో ఆరో వంతు. వానాకాలం మా ఊళ్ళో బయటిగోడలు చెమ్మ పీలుస్తాయి. వేగావతి పొంగే రోజుల్లో గోడకి చెయ్యి పెడితే తడి తెలుస్తుంది. అలాంటి గోడకి చౌక ప్లైవుడ్ ఆనించి కొడితే రెండేళ్ళకి ఉబ్బుతుంది, పట్టుచీరల మడతల్లో బూజు వస్తుంది. చేయించి తీరాలనుకుంటే లోపలిగోడకి చేయించండి, బయటిగోడకైతే వెనక కాస్త సందు వదలండి, ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉందో లేదో చూడండి. కానీ అమ్మే ఇంటికి అంత ఖర్చెందుకు? అది మనం ఉండే ఇంటికి పెట్టాల్సిన ఖర్చు.

మా ఆడపడుచు కూతురు అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు, అక్కడ క్లోజెట్ లేని గదిని బెడ్‌రూమ్ అని చెప్పి అమ్మలేరట అని మా అందరికీ చెప్పింది. అది నియమమేమీ కాదు. అక్కడి ఇళ్ళకి మూలంగా పెట్టుకున్న ఐ.ఆర్.సి. నియమావళి గదికి 70 చదరపు అడుగులు, ఏ వైపు కొలిచినా ఏడడుగులు అడుగుతుంది గానీ క్లోజెట్ అడగదు. అయినా కొనేవాళ్ళు అడుగుతున్నారు, అడుగుతున్నారు కాబట్టి అమ్మేవాళ్ళు కడుతున్నారు. అంటే అంతంత పెద్ద గదులున్న దేశంలో కూడా సామాను చోటు లేకపోతే జనం గదిని గదిగా ఒప్పుకోవడం లేదు. జపాను పాత ఇళ్ళది ఇంకో దారి. గోడలో మూడడుగుల లోతు అర ఉంటుంది, ఒషిఇరె అంటారు. పొద్దున్న లేవగానే పరుపులు మడిచి అందులో తోసేస్తారు. పడకగది కాస్తా కూర్చునే గది అయిపోతుంది. చిన్న గదిని పెద్దది చేసింది ఆ అరే. మనకీ ఒకప్పుడు పరుపు చుట్టలు మూలకి చేర్చే అలవాటుండేది, ఇప్పుడు డబుల్ కాట్ వచ్చి గది మధ్య పెద్దమనిషిలా కూర్చుంది.

ఎదుటివాళ్ళ వాదనలో బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటెయ్యను. కొనేవాళ్ళు అయిదు నిమిషాలే చూస్తారు, ఆ అయిదు నిమిషాల్లో ఇరుగ్గా అనిపిస్తే మళ్ళీ రారు. నిజమే. కానీ ఇరుకు కనిపించడానికి కారణం కొట్టు కాదు, కొట్టు బయట ఉన్న సామాను. మా వెనక గది ఇప్పుడు ఇరుగ్గా ఉందంటే అందులో బావగారి పాత బీరువా, మరిది పెళ్ళికి వచ్చిన సోఫా, ఎవరిదో తెలియని కుట్టుమిషను ఉన్నాయి కాబట్టి. "ఉండనీ, తర్వాత పట్టుకెళ్తాం" అని వదిలేసిన సామాన్లివి. గోడ పడగొట్టడానికి వాటా వేసుకునేవాళ్ళు, ముందు ఎవరి సామాను వాళ్ళు పట్టుకెళ్తే గది దానంతట అదే రెండింతలు కనపడుతుంది. పైసా ఖర్చు లేదు. ఈ మాట నేను ఫోనులో అన్నప్పటినుంచి మా తోటికోడలు మూడు రోజులు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టలేదు.

గోడ పడగొట్టడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది, సరదాకి చెప్పడం లేదు. మాలాంటి పాత స్లాబు ఇళ్ళల్లో అన్నింటికీ పిల్లర్లు ఉండవు. చాలావాటికి గోడలే స్లాబుని మోస్తాయి. నాలుగున్నర అంగుళాల గోడ అయితే అడ్డుకి కట్టినది అయివుండొచ్చు, తొమ్మిదంగుళాలది అయితే అది మోసే గోడ కావచ్చు. మా కొట్టు గోడ తొమ్మిదంగుళాలు. ఈ ముక్క బ్రోకరు ఎత్తలేదు, బావగారూ అడగలేదు. మేస్త్రిని పిలిచి చూపిస్తే చెయ్యి పెట్టి తట్టి, "ఇంజనీరుకి చూపించకండా దీని జోలికి రానమ్మా. తీస్తే కింద బీము పడాలి. తీయడం ఒక పూట, నిలబెట్టడం నెల" అన్నాడు. ఆ బీము ఖర్చు విన్నాక మా ఆయన క్యాలిక్యులేటరు మొదటిసారి నా పక్షాన మోగింది.

అమ్మేముందు మా ఇంట్లో ఏం చేయాలో నేను రాసి ముగ్గురికీ పంపాను. కొట్టు అలాగే ఉండాలి. గోడలకి తెల్ల సున్నం, లోపల మంచి వెలుగు వచ్చే బల్బు ఒకటి. ఇప్పుడున్న గుడ్డి బల్బుకి కొట్టు సగమే కనపడుతుంది, అందుకే అందరికీ అది పనికిరాని సందులా అనిపిస్తోంది. అరల మీద సామాను సగం దించి సర్దాలి. నిండుగా కుక్కిన అర చూస్తే ఈ ఇంట్లో చోటు చాలలేదనిపిస్తుంది, సగం ఖాళీగా ఉంటే ఇంకా మిగిలిందనిపిస్తుంది. ముందు గది అలమర తలుపులకి కొత్త కీళ్ళు, గది రంగే దానికీ వేస్తే గోడలో కలిసిపోతుంది. అటక కింది చెక్క శుభ్రం చేయించాలి. వెనక గది కిటికీ ఎదురుగా ఉన్న బీరువా తీసేయాలి, దాని వెనక ఇన్నాళ్ళూ ఒక కిటికీ ఉందన్న సంగతి మా అబ్బాయికి ఈ వేసవిలోనే తెలిసింది. ఇంతే. గోడ పడగొట్టే ఖర్చులో పదో వంతు కూడా కాదు.

మరిది ఒప్పుకున్నాడు. సోఫా మాత్రం ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. బావగారు "బ్రోకరుని అడిగి చెబుతా" అన్నారు. అడగనివ్వండి. బ్రోకరు ఈసారి వచ్చినప్పుడు వాళ్ళావిడని కూడా తీసుకురమ్మని నేనే కబురు పెట్టాను. ఈలోగా సున్నం వేసేవాడికి అడ్వాన్సు ఇచ్చేశాను. అత్తగారు కొట్లో చింతపండు కుండ దించనివ్వడం లేదు, కొనేవాళ్ళు వచ్చేదాకా ఉంచమంటున్నారు, వాసన చూస్తే ఇది కొట్టని వాళ్ళకే తెలుస్తుందట.